నమూనా విమానాలకు రంగు వేయడం గురించి ఒక సవరణ

సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో, వేసవి సెలవుల్లో పిల్లలు చేపట్టదగిన వ్యాపకాల గురించి ఒక పేజీ వ్యాసం వచ్చింది. ఈత, చదరంగం వంటి వాటితో పాటు, ప్లాస్టిక్ విడిభాగాలను అతికించి నమూనా విమానాలు కట్టడం, వాటికి ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న గన్నుతో, రంగు వేయడం అనే వ్యాపకానికి కూడా అందులో నాలుగు పేరాలు కేటాయించారు. కావలిలో ఉంటూ పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్న నాకు అది చూసి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మూడో పేరాకు వచ్చేసరికి ఆ సంతోషం కాస్తా ఆందోళనగా మారింది. రంగు మీద దుమ్ము పడకుండా ఉండాలంటే ఏసీ గదిలో తలుపులు, కిటికీలు మూసుకుని పని చేసుకోవడం మంచిదని అందులో సలహా ఇచ్చారు. తక్కిన పొరపాట్లను చూసీ చూడనట్టు పోవచ్చు గాని, దీన్ని మాత్రం సవరించకుండా వదిలేయకూడదు. సెలవులు ఇంకా చాలా ఉన్నాయి. ఆ పేజీని కత్తిరించి దాచుకున్న తల్లిదండ్రులు కొందరైనా ఉంటారు.

ఎయిర్‌బ్రష్ రంగును పొగమంచు లాంటి తుంపరగా విడగొడుతుంది. ఆ తుంపరలో కొంత నమూనా మీద పడుతుంది, మిగిలింది గాలిలో తేలుతూ ఉంటుంది. మన ఇళ్లలో గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలిని బయటికి పంపదు. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ లాక్కుని, చల్లబరిచి, మన మీదికే వదులుతుంది. అందువల్ల తలుపులు మూసిన గదిలో రంగు వేస్తే తేలే తుంపర, థిన్నరు ఆవిరి రెండూ అక్కడే పోగుపడతాయి. ద్రావకం ఆవిరై చకచకా ఆరిపోయే లాకర్ రంగులను పలచన చేసే థిన్నర్లలో టోలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. వాటి ఆవిరి తలనొప్పినీ వాంతులనూ తెప్పించడమే కాదు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది కూడా. పూజగదిలో దీపం వెలుగుతూ ఉన్నా, వంటింట్లో పొయ్యి ముట్టించినా చాలు. నీళ్లతో పలచన చేసే ఆక్రిలిక్ రంగులకు వాసన తక్కువ కనుక వాటికి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదని కొందరు అనుకుంటారు. వాసన లేకపోయినా తుంపర తుంపరే, అది ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

ఇది నేను ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. 2015 నవంబరులో మన జిల్లాను ముంచెత్తిన వానల్లో, ఇల్లు కదలలేక ఊరికే కూర్చోలేక, ఒక నమూనాకు లాకర్ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, కొట్టడానికి పూనుకున్నాను. జల్లు లోపలికి కొడుతోందని కిటికీ మూశాను. గాలికి తలుపు కొట్టుకుంటోందని గడియ పెట్టాను. పావుగంట గడిచేసరికి నా చేతిలో ఉన్నది కుడి రెక్కో ఎడమ రెక్కో నాకు తెలియలేదు. మా ఇంటావిడ వాసన పసిగట్టి తలుపు బాదింది కనుక సరిపోయింది. ఆ సాయంత్రమంతా వాంతులతో గడిచింది. నమూనా కూడా పాడైంది గాని, దానికి కారణం వేరే ఉంది, తర్వాత మనవి చేస్తాను.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. వరండాలోనో, డాబా మీద నీడ పట్టునో, గాలి ఆడే చోట కూర్చోవాలి. దుమ్ము బెడదకు ఒక అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, దాని నోట్లో నమూనాను ఉంచి రంగు వేస్తే, దుమ్మూ పడదు, ఎక్కువైన రంగు చాలావరకు ఆ అట్టకే అంటుకుంటుంది. కొవిడ్ రోజుల గుడ్డ మాస్కులు, సర్జికల్ మాస్కులు ద్రావకాల ఆవిరిని ఆపలేవు. ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. కార్లకు వేసే రంగు గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుందని కొందరు యువకులు గట్టిపడడానికి హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపే రెండు డబ్బాల రంగును ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఆ హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. ఇంట్లో ఆ రంగు జోలికి పోవద్దని నా మనవి. ఇక చిన్న పిల్లల చేతికి ఎయిర్‌బ్రష్ ఇవ్వకుండా ఉండడమే మేలు. వారికి సన్నటి కుంచె, నీటితో కడుక్కునే రంగులు చాలు, దాంతోనే ఎంతో నేర్చుకోవచ్చు.

రెండో విషయం, ఆ వ్యాసం వీటిని మొదటి నుంచి చివరి దాకా "బొమ్మ విమానాలు" అనడం, ఆరేళ్లు నిండిన పిల్లలకు తగినవని చెప్పడం. బొమ్మలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ బొమ్మకు పోలిక ఉంటే చాలు, నమూనాకు కొలత ఉండాలి. ఈ వ్యాపకంలో ఎక్కువ మంది వాడే కొలతల్లో 1/72 ఒకటి. ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు, అదే దాని లెక్క. మన వాయుసేనలో పనిచేసిన నాట్ యుద్ధవిమానం పొడవు 8.74 మీటర్లు, ఆ కొలతలో కడితే 12 సెంటీమీటర్లు వస్తుంది, రెక్కల కొస నుంచి కొసకు 9 సెంటీమీటర్ల పైచిలుకు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన శత్రు విమానాలతో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ఒంటరిగా పోరాడి ప్రాణాలు ఇచ్చింది ఈ నాట్‌లోనే. వాయుసేనలో ఇప్పటివరకు పరమవీర చక్ర పొందినది ఆయన ఒక్కరే. ఆ కథ నేను బడిలో ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. అంగుళం ఎత్తు మనిషిని ఆ చిన్న కాక్‌పిట్‌లో కూర్చోబెట్టబోయి, భుజాలు అటూ ఇటూ తగులుతుంటే, ఆయన ఎంత ఇరుకులో కూర్చుని పోరాడారో నాకు అప్పుడు తెలిసివచ్చింది.

ఆరేళ్ల పిల్లల సంగతి కూడా చెప్పాలి. ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. వాటిని కత్తిరించడానికి కట్టరు, గీకడానికి పదునైన బ్లేడు కావాలి. కొన్ని ముక్కలు బియ్యపు గింజంత ఉంటాయి. ఈ ప్లాస్టిక్‌కు వాడే జిగురు కూడా మామూలు జిగురు కాదు, రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటిగా కలిపేసే ద్రావకం. ఫెవిక్విక్‌తో పని కానిచ్చేవాళ్లను చూశాను. అది అతుకుతుంది, కాదనను, కానీ దాని ఆవిరికి కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత పొగబారిపోతుంది. ఆ మూతకు మాత్రం మన ఫెవికాలే నయం, ఆరితే కనిపించదు. పన్నెండు పదమూడేళ్లు వచ్చిన పిల్లలు, పక్కన పెద్దలు ఉంటే, ఇవన్నీ చక్కగా చేయగలరు.

ఎయిర్‌బ్రష్ ఉంటే అరగంటలో రంగు పూర్తవుతుందన్న మూడో మాట దగ్గర మాత్రం నాకు నవ్వు వచ్చింది. రంగు వేయడం అరగంట పనే కావచ్చు, దానికి సిద్ధం కావడానికి నాకు రెండు వారాలు పడుతుంది. విమానపు మొండెం రెండు సగాలుగా వస్తుంది. అతికించాక నడినెత్తిన గీత మిగులుతుంది. దాన్ని లప్పంతో పూడ్చి, 400 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1000 దాకా తడుపుతూ రుద్దాలి. ప్రైమర్ కొట్టాక లేదనుకున్న గీత మళ్లీ కనిపిస్తుంది, మళ్లీ లప్పం, మళ్లీ రుద్దడం. గోడలకు సున్నం వేయించినవారెవరికైనా ఈ బాధ కొత్తదేమీ కాదు.

ఎయిర్‌బ్రష్ పట్టడం నాకు నేర్పింది ఉదయగిరి రోడ్డు మీద కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డులోని పెయింటరు. ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఎయిర్‌బ్రష్‌తో నెల రోజులు కుస్తీ పట్టి, రంగు మచ్చలు మచ్చలుగా చిమ్ముతుంటే విసిగి, అతని దగ్గరికి పట్టుకుపోయాను. అంత చిన్న గన్నును అతను అదే మొదటిసారి చూడడం. అయినా రెండు నిమిషాల్లో దాని గుట్టు పట్టేశాడు. "అయ్యోరా, ముందు గాలి వదలండి, ఆ తర్వాతే రంగు. ఆపేటప్పుడు ముందు రంగు ఆపండి, గాలి ఆఖర్న" అన్నాడు. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే ఈ పరికరానికి అంతకు మించిన పాఠం నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు. అప్పటిదాకా నేను రంగుతో మొదలుపెట్టి రంగుతోనే ఆపేవాణ్ణి. సూది మొన మీద నిలిచిన బొట్టు మరుసటిసారి మచ్చగా చిమ్మేది.

వారి గన్నుకూ మన ఎయిర్‌బ్రష్‌కూ తేడా కొలతలోనే. కారు రంగుకు వాడే గన్ను ముక్కు రంధ్రం 1.3, 1.4 మిల్లీమీటర్లు ఉంటే, ఎయిర్‌బ్రష్‌ది 0.2, 0.3 మిల్లీమీటర్లు. వాళ్లు జానెడు దూరం నుంచి కొడితే, మనం రెండు మూడు అంగుళాల నుంచి కొడతాం. ఆక్రిలిక్ రంగును పాలంత పలచన చేసుకుని, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడితో వేస్తే సరిపోతుంది. చేయి మాత్రం రెండు పనుల్లోనూ ఒకే విధంగా కదలాలి: నమూనా అంచుకు అవతలే రంగు మొదలుపెట్టి, ఆగకుండా దాటించి, ఇవతలి అంచు దాటాకే ఆపాలి. మధ్యలో చేయి నిలిచిందా, రంగు కారిందే.

తేమ సంగతి కూడా ఆ షెడ్డులోనే తెలిసింది. అతను పొద్దున్నే కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పి నీళ్లు వదలడం చూసి, ఖాళీ ట్యాంకులో నీళ్లెక్కడివని అడిగాను. గాలిని అదిమి ట్యాంకులో నింపితే అది చల్లబడినప్పుడు దానిలోని తేమ నీరై అడుగుకు చేరుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న కావలి, నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో ఆ నీరు మరీ ఎక్కువ. గొట్టానికి నీటిని పట్టి ఉంచే గిన్నె ఒకటి బిగించకపోతే, సరిగ్గా చివరి పూత వేళకు రంగుతో పాటు ఒక నీటి చుక్క వచ్చి పడుతుంది. పైన చెప్పిన 2015 నాటి నమూనా పాడైంది కూడా తేమవల్లే. లాకర్‌లోని ద్రావకం చకచకా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది. ముసురు రోజున ఆ చల్లదనానికి గాలిలోని తేమ వచ్చి పూతలో కలిసి, బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. కనుక మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముసురు పట్టిన రోజుల్లో లాకర్ రంగులు ముట్టుకోకపోవడమే మంచిది. ఎండాకాలంలో బాధ దీనికి తలకిందులు. మే నెల మధ్యాహ్నం పడమటి గాలి కొడుతున్నప్పుడు ఆక్రిలిక్ రంగు సూది మొన మీదే ఎండిపోతుంది. మొన దాటి వచ్చింది కూడా నమూనాను చేరేలోగా పొడిబారి ఇసుక చల్లినట్టు పడుతుంది. రంగును నిదానంగా ఆరనిచ్చే రిటార్డర్ చుక్క కలిపితే కొంత నయం. నేను మాత్రం ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు పని ముగించి, సామాను కడిగి పెట్టుకుంటాను. వేసవి వ్యాపకంగా మీరు పరిచయం చేశారు కనుక ఈ వేళల సంగతి ఇంత వివరంగా రాయవలసి వచ్చింది.

రంగు గురించి నా వృత్తికి దగ్గరైన మాట ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అసలు విమానానికి వేసిన రంగునే తెచ్చి నమూనాకు వేస్తే అది నల్లగా, బరువుగా కనిపిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు డ్రాయింగు మాస్టరుగా పిల్లలకు చెప్పింది ఇదే పాఠం: దగ్గరి చెట్టు ముదురాకుపచ్చగా ఉంటుంది, దూరాన ఉన్న వెలికొండలు నీలంగా, పాలిపోయి కనిపిస్తాయి. అరచేతిలోని నమూనాను చూడడమంటే అసలు విమానాన్ని చాలా దూరం నుంచి చూడడమే కదా. అందుకే రంగులో కొద్దిగా తెలుపు కలపాలి. ఎంత కలపాలన్నది మాత్రం కంటికి తెలియాలి. 2022 డిసెంబరు 29న కొరిసపాడు దగ్గర జాతీయ రహదారి మీద, అత్యవసరంగా విమానాలు దిగడానికి 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కట్టిన రన్‌వేను వాయుసేన పరీక్షించినప్పుడు, పోలీసులు ఆపిన చోటు నుంచే చూడడానికి నేనూ పోయాను. సుఖోయ్ యుద్ధవిమానం తక్కువ ఎత్తున పోతుంటే అందరూ చెవులు మూసుకున్నారు, నేను దాని బూడిద రంగు చూస్తూ నిలబడ్డాను. ఫొటోల్లో చూసి నేను కలిపి ఉంచుకున్న రంగు కంటే అది బాగా లేతగా కనిపించింది. ఇంటికి వచ్చి సీసాలో ఇంకొంచెం తెలుపు పోశాను.

రంగు ఆరాక వాయుసేన గుర్తులు అతికించాలి. మధ్యలో ఆకుపచ్చ, దాని చుట్టూ తెలుపు, వెలుపల కాషాయం. నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే ఈ గుర్తులు నునుపైన పూత మీదనే సరిగా కూర్చుంటాయి. గరుకు పూత మీద అతికిస్తే కింద గాలి చిక్కి వెండి మెరుపులా తేలిపోతుంది. కాబట్టి ముందు మెరుపు వార్నిష్, గుర్తుల తర్వాత మెరుపు తగ్గించే వార్నిష్. వ్యాసంలో ఈ దశ ఊసే లేదు.

చివరగా, ఇటువంటి వ్యాపకాలకు చెన్నై, హైదరాబాదుల్లోనే గాని మన ఊళ్లలో అవకాశం లేదని వ్యాసకర్త బాధపడ్డారు. కిట్లు అమ్మే దుకాణం నాకు తెలిసి మన దగ్గర లేదు, నిజమే, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే. నా కంప్రెసర్, ఎయిర్‌బ్రష్ రెండూ కలిపి ఏడు వేల రూపాయలు దాటలేదు గాని, అది కూడా చాలా ఇళ్లకు చిన్న మొత్తం కాదని ఒప్పుకుంటాను. అయితే చేతిపనికి కావలసిన తెలివి మన దగ్గర లేదనడం మాత్రం సరికాదు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కేవారి దగ్గర ఒక్క పూట కూర్చుంటే, ఆకురాయిని ఎటు నడపాలో, ఎక్కడ ఆపాలో ఏ వీడియో నేర్పనంత బాగా తెలుస్తుంది. రంగు సంగతి తెలిసినవారు ప్రతి ఊరి డెంటింగ్ షెడ్డులోనూ ఉన్నారు. విమానాశ్రయం దగదర్తికి ఎప్పుడొస్తుందో గాని, విమానానికి రంగు వేయగల చేతులు కావలిలో ఇప్పటికే ఉన్నాయి.

లేనిదల్లా పిల్లలు కూర్చుని పని చేసుకోవడానికి ఒక బల్ల, గాలి వెలుతురు ఉన్న ఒక గది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసమని మనందరం కడుతున్నాం. మన ఊరి గ్రంథాలయంలో ఆదివారం పూట రెండు గంటలు ఒక బల్ల ఇప్పిస్తే, కత్తిరించడం, అతకడం, రుద్దడం వరకు నేనే వచ్చి నేర్పుతాను. స్ప్రే పని అక్కడ వద్దు, పుస్తకాల మధ్య థిన్నరు పెట్టే ఆలోచన నాకు లేదు. దానికి పెయింటరు తన షెడ్డు ముందు భాగం ఆదివారాల్లో వాడుకోమన్నాడు. మాస్కులు నా దగ్గర నాలుగు ఉన్నాయి, కనుక ఒకసారికి నలుగురే.

ఏసీ గది గురించిన సవరణను వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో, తల్లిదండ్రుల కంట పడే చోట వేయవలసిందిగా కోరుతున్నాను. ఉత్తరం నిడివి ఎక్కువైందని తెలుసు. చోటు చాలకపోతే సుఖోయ్‌నూ నన్నూ కత్తిరించండి గాని, ఆ గది గురించి రాసిన పేరాలు మాత్రం ఉంచండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.